మార్తమ్మ పేరిట పిడికెడు

సుంకమ్మకు నోరెక్కువ, భక్తి అంతకన్నా ఎక్కువ. ఎసట్లో కొర్రలు పోసేముందు మనవరాలు మార్తమ్మ పేరిట ఒక పిడికెడు, మనవడి పేరిట ఒక పిడికెడు తీసి మూల కుండలో వేసేది. "ప్రభువా, ఈ బిడ్డలు నీ వాక్యంలో పెరగాల" అని రెండుసార్లూ పేటంతా వినపడేలా అనేది. మొగుడు యేసన్న తలగుడ్డ తీసి పక్కన నిలబడి ఆమేన్ అనేవాడు. ఆదివారం ఆ గింజలు చర్చికి పోయేవి.

కొడుకూ కోడలూ తాడిపత్రిలో బండలు కోసే పనిలో ఉంటే, బెళుగుప్ప దగ్గరి ఆ పల్లెలో పిల్లలిద్దరినీ ఈ ముసలివాళ్ళే పెంచారు. పన్నెండేళ్ళ మార్తమ్మ కీర్తనలు చూడకుండా అప్పజెప్పేది. అది విని అవ్వాతాతలు తెగ మురిసిపోయేవారు.

ఎనభై అయిదులో వాన మొహం చాటేసింది. శెనక్కాయ చేలు మాడిపోయాయి, కూలి లేదు. అయినా సుంకమ్మ పిడికెడు మానలేదు. మానితే పిల్లలు దేవుడికి దూరమవుతారని ఆమె భయం.

ఒక శనివారం అవ్వాతాతలు కరువు పనికి పోయారు. తమ్ముడు జ్వరంతో పడుకుని ఆకలని ఏడుస్తుంటే మార్తమ్మ మూల కుండలో చెయ్యి పెట్టింది. సుంకమ్మ వచ్చేసరికి వాడు గంజి తాగి నిద్రపోతున్నాడు.

"దేవుని సొమ్ము ముట్టినావామ్మే!"

"వానికి ఆకలైతాండెనవ్వా."

"పసిబిడ్డలు, ఇడ్సిపెట్టు" అన్నాడు యేసన్న.

ఆమె వింటేగా! మరునాడు చర్చిలో అందరి ముందూ పిల్లను మోకరింపజేసి, "దేవుని గింజలు దొంగిలించినా" అని చెప్పించింది. అందరూ ఆమేన్ అన్నారు. బిడ్డకు గండం గడిచిందని సుంకమ్మ ఊపిరి పీల్చుకుంది, పిచ్చిది.

ఆ తర్వాత మార్తమ్మ ప్రార్థన చేయలేదు. రమ్మంటే చర్చికి వచ్చేది, కళ్ళు తెరుచుకుని కూర్చునేది. ముసలివాళ్ళు నాలుగేళ్ళు ఆమె కోసం శుక్రవారాలు ఉపవాసమున్నారు. మంచం పట్టిన యేసన్న, "ఒక్క మాట ప్రార్థన చెయ్యమ్మా" అని బతిమాలాడు. ఆ పిల్ల ఆయన కాళ్ళు పిసుకుతూ కూర్చుంది గానీ నోరు తెరవలేదు. ఆ సాయంత్రమే ఆయన పోయాడు.

సమాధి దగ్గర నుంచి ఇంటికి వచ్చాక సుంకమ్మ మనవరాలి చేతులు పట్టుకుంది. "తప్పు నాది తల్లీ. కోపముంటే నా మీద పెట్టుకో, దేవుని మీద వద్దు."

"నీ మీద కోపం యాడిదవ్వా? ఆ పొద్దు తమ్మునికింత గంజి పంపియ్యి స్వామీ అని మోకాళ్ళ మీదుండి అడిగినా. లేసి చూస్తే ఇంట్లో ఆ కుండ ఒగటే ఉండాది. ఆయనే సూపించినాడనుకుంటి. అది దొంగతనమని మీరందరూ ఆమేన్ అంటిరి. ఇంగ ఏది ఆయన మాటో నాకు తెలీదవ్వా."

పిల్ల అడిగింది. దేవుడు ఇచ్చాడు. ఇచ్చినదాన్ని దొంగసొమ్ము చేసింది తానే. సుంకమ్మ గోడవార కూలబడి, మొగుణ్ణి మట్టిలో పెట్టినప్పుడు కూడా ఏడవనంతగా ఏడ్చింది.