నాలుగో నంబరు బావి

ఎల్మ్ రిడ్జ్ పట్టణ గ్రంథాలయం 1986లో ఒక చిన్న పుస్తకం వేసింది. ఆ ఊళ్ళో నివసించి పేరు తెచ్చుకున్న నలభై మంది జీవిత రేఖలు అందులో ఉన్నాయి. ఒక సెనేటరు, ఇద్దరు బేస్‌బాల్ ఆటగాళ్ళు, నాగళ్ళకు పేటెంటు పొందిన ఒకాయన, ముప్పై ఏళ్ళు ఊరికి నీళ్ళందించిన సూపరింటెండెంటు హెరాల్డ్ విట్‌కమ్ అందులో కనిపిస్తారు. నలభై ఒకటో పేరు అచ్చుకు సిద్ధమై చివరి క్షణంలో తొలగిపోయింది. అది తెలుగువాడి పేరు. ఎవరో కక్షకొద్దీ తీయించారని మనవాళ్ళలో ఒక మాట ఉంది. అది నిజం కాదు. తీసేయమని కోరినది ఆయనే. ఎందుకు కోరారో, కోరి ఏం పోగొట్టుకున్నారో, దొరికిన కాగితాల మేరకూ, ఆయన భార్యా పొరుగువారూ చెప్పిన మేరకూ ఇక్కడ రాస్తున్నాను.

దైవాశీర్వాదం గారిది బాపట్ల ప్రాంతం. గుంటూరులో ప్రభుత్వ ప్రజారోగ్య ప్రయోగశాలలో ఎనిమిదేళ్ళు పనిచేసి, నర్సుగా ఉద్యోగం దొరికిన భార్య నవోమితో కలిసి 1976లో ఇల్లినాయ్ వచ్చారు. మరుసటి ఏడు అరోరా పక్కనున్న ఎల్మ్ రిడ్జ్‌లో నీటి సరఫరా శాఖ ఆయనను కెమిస్టుగా తీసుకుంది. పిల్లలు లేరు. రెండిళ్ళ అవతల రామమోహన్, వసుమతి అనే దంపతులు ఉండేవారు. వారి కూతురు రేణు బడి నుంచి వచ్చాక, తల్లి ఆఫీస్ నుంచి వచ్చేదాకా, వీరింట్లోనే గడిపేది.

ఆ ఊరికి అప్పట్లో ఆరు బావులు. నాలుగో నంబరు బావికి అర మైలు దూరంలో ఒక పాత కర్మాగారం ఉండేది. లోహపు ముక్కలకు అంటిన జిడ్డును రసాయనంతో కడిగి, ఆ ద్రావణాన్ని వెనుక గుంటలో పోసేవారు. అది భూమిలోకి దిగి ఉండవచ్చునన్న అనుమానం మొదట కలిగినది దైవాశీర్వాదం గారికే. పరీక్ష చేయమన్నవారు లేరు, చేయవలసిన నిబంధనా లేదు. ఆయన తనంతట తానే నీటి నమూనాను బయటి ప్రయోగశాలకు పంపారు. 1980 ఫిబ్రవరిలో ఫలితం వచ్చింది. ఆ జిడ్డు వదిలించే రసాయనం నీటిలో ఉంది. ఎంత ఉంటే ప్రమాదమో అప్పటికి ఏ చట్టమూ నిర్ణయించలేదు. అయినా ఉండవలసిన వస్తువు కాదని ఆయనకు తెలుసు.

ఆయన మూడు పేజీల నివేదిక రాశారు. గుంటూరులో నేర్చిన పద్ధతిలోనే రాశారు. మొదటి పేజీలో బావి పూర్వచరిత్ర, లోతు, వర్షపాతం. రెండో పేజీలో కర్మాగారం సంగతి, నమూనా తీసిన విధం. మూడో పేజీలో ఫలితం. చివరి వాక్యం: “తమ పరిశీలనకూ, తగు ఉత్తర్వులకూ సవినయంగా సమర్పించడమైనది.” విట్‌కమ్ మొదటి పేజీ చదివి, దాని అడుగున తన పేరు పొడి అక్షరాలు వేసి, మూడు రోజుల్లో వెనక్కి పంపించారు.

ఆ పొడి అక్షరాలకు ఇద్దరూ రెండు అర్థాలు చెప్పుకున్నారు. విట్‌కమ్ దృష్టిలో అది బావి గురించిన సాధారణ నివేదిక. చేయవలసిన పని ఉంటే కింది ఉద్యోగి మొదటి వాక్యంలోనే చెబుతాడు, కాకపోతే గదిలోకి వచ్చి చెబుతాడు. దైవాశీర్వాదం గారి దృష్టిలో అవి అధికారి చూశారనడానికి గుర్తు. చూసిన అధికారి ఆలోచిస్తున్నాడన్నమాట. ఫైలు పైకి వెళ్ళాక గుమ్మం దగ్గర నిలబడి ఏమైందని అడగడం, ఆయన పెరిగిన ఉద్యోగ మర్యాదలో, అధికారికి పని తెలియదని చెప్పడంతో సమానం. ఉత్తర్వు రాకముందు ఆఫీస్ విషయం బయట మాట్లాడటం అంతకన్నా తప్పు. ఆయన ఎదురు చూశారు. రాష్ట్ర ప్రభుత్వ తనిఖీదారులు వచ్చి బావి మూయించేసరికి 1981 జూలై అయింది. పదిహేడు నెలలు, రేణు వాళ్ళ వీధితో సహా, ఊరి తూర్పు వీధులు ఆ నీళ్ళు తాగాయి.

రేణుకు 1982 వసంతంలో రక్తపు క్యాన్సరు అని తేలింది. మరుసటి ఏడు అక్టోబరులో పోయింది. తొమ్మిదేళ్ళు. ఆ వీధుల్లోనే మరో ముగ్గురు పిల్లలకు అదే జబ్బు వచ్చింది. నీళ్ళ వల్లనే వచ్చిందని ఏ వైద్యుడూ చెప్పలేదు. కాదని కూడా ఎవరూ చెప్పలేకపోయారు. నాకున్న ఆధారాలతో నేనూ అంతకు మించి చెప్పను.

1984లో రాష్ట్ర ప్రభుత్వం వేసిన సంఘం విచారణ జరిపింది. తనకెవరూ చెప్పలేదని విట్‌కమ్ అన్నారు. దైవాశీర్వాదం గారు నివేదిక నకలు తీసి బల్ల మీద పెట్టారు. మూడో పేజీని గట్టిగా చదివి వినిపించారు. మర్నాటి పత్రికలు ఆయనను ఊరి అంతరాత్మ అని రాశాయి. పదకొండు కుటుంబాలు పట్టణం మీద దావా వేశాయి. వారి ముఖ్య సాక్షి ఆయనే. రామమోహన్ దంపతులు దావాలో చేరలేదు. పిల్ల పేరు కోర్టులో పిలిపించుకోవడం వసుమతికి ఇష్టం లేకపోయింది.

1986 జనవరిలో గ్రంథాలయం నుంచి ఫోటో కావాలని ఫోన్ వచ్చింది. ఆ పుస్తకంలోకి ఎక్కబోయే మొదటి భారతీయుడని తెలిసి తెలుగు సంఘం కార్యదర్శి దామోదర్ వెంటనే సన్మానానికి స్కూల్ ఆడిటోరియం బుక్ చేశారు, శాలువా కొన్నారు, అధ్యక్షత వహించడానికి రామమోహన్‌ను ఒప్పించారు. దైవాశీర్వాదం గారు వద్దని రెండుసార్లు చెప్పారు. దామోదర్ దాన్ని వినయం అనుకున్నారు.

అది వినయం కాదు. విచారణలో ఎవరూ అడగని సంగతి ఒకటి ఉంది. 1980 మార్చి మొదటి వారం నుంచి ఆయన ఇంట్లో కుళాయి నీళ్ళు తాగలేదు. ప్రతి ఆదివారం చర్చిలో తెలుగు ఆరాధన అయ్యాక, అరోరా అవతల పొలాల మధ్య ఉండే కృపావరం అనే సంఘస్థుడి ఇంటి బోరు నుంచి రెండు క్యాన్లు నింపి కార్‌లో తెచ్చుకునేవారు. నవోమికి కారణం చెప్పలేదు. తాగడానికి ఆ నీళ్ళు వద్దని మాత్రమే అన్నారు. ఎవరైనా అడిగితే ఆమె, ఊరి నీళ్ళలో పప్పు ఉడకడం లేదని చెప్పేది. ఊరి నీళ్ళు నిజంగానే ఉప్పు నీళ్ళు కనుక అందరూ నమ్మారు. “మీ కందిపప్పు మహారాణి, అక్కయ్యా. మాది కూలిపప్పు, ఏ నీళ్ళలోనైనా ఉడుకుతుంది,” అని వసుమతి ఎగతాళి చేసేదట.

ఇప్పుడు ఆయన ముందున్నది ఒకటే ప్రశ్న. ఆ సంగతి వసుమతికి చెప్పాలా, చెప్పకుండా ఆమె భర్త చేతి శాలువా కప్పించుకోవాలా? నవోమి చెప్పవద్దంది. చెప్పినా ఆ పిల్ల తిరిగి రాదు, ఉన్న ఒక్క ఇంటి స్నేహం పోతుంది, దావా వేసినవారి సాక్ష్యమూ పాడవుతుంది అంది. ఆమె వాదనలో బలం లేకపోలేదు. ఆయన మూడు వారాలు ఆగారు. సన్మానానికి వారం ముందు, శనివారం మధ్యాహ్నం, వారింటికి నడిచి వెళ్ళారు.

రామమోహన్ ఉపన్యాసం రాసుకుంటున్నారు. “రండి రండి, మీ గురించే అబద్ధాలు రాస్తున్నాను. సైన్స్‌లో మీకెన్ని మార్కులొచ్చాయో చెప్పండి, పెంచి రాస్తాను,” అన్నారు. దైవాశీర్వాదం గారు కూర్చోలేదు. నిలబడే చెప్పారు. తేదీ చెప్పారు, క్యాన్లు చెప్పారు, పప్పు మాట చెప్పారు. రామమోహన్ కలం మూసి పెట్టారు. వసుమతి అడిగింది.

“మార్చి నుంచా, అన్నయ్యగారూ?”

“మార్చి నుంచి.”

“స్కూల్ నుంచి రాగానే అది మీ ఇంట్లో మంచినీళ్ళు తాగేది. ఏ నీళ్ళు?”

“క్యాన్‌వి.”

“అంటే మీ ఇంట్లో ఉన్నంతసేపూ దానికి మీరు జాగ్రత్త పడ్డారు.”

“పడ్డాను.”

“సాయంత్రం చెయ్యి పట్టుకుని మా ఇంటికి దింపేవారు.”

దైవాశీర్వాదం గారు, ఉత్తర్వు రాలేదని చెప్పబోయి మానుకున్నానని తరువాత నవోమితో అన్నారట. వసుమతి లోపలికి వెళ్ళిపోయింది. సన్మానం జరగలేదు.

సోమవారం ఆయన రెండు ఉత్తరాలు రాశారు. ఒకటి గ్రంథాలయానికి, తన పేరు తీసేయమని. రెండోది విచారణ సంఘానికి. ఈసారి సంగతంతా మొదటి వాక్యంలోనే ఉంది: “నీరు ప్రమాదమని నమ్మి నా ఇంట్లో వాడటం మానేశాను, ఇరుగుపొరుగుకు చెప్పలేదు.” నివేదిక రాసిన తీరునూ, ఉత్తర్వు కోసం ఆగిన తీరునూ నేను పెద్ద నేరంగా లెక్కించను. అది ఒక ఉద్యోగ సంప్రదాయం నేర్పిన పొరపాటు. మొదటి పేజీ దాటి చదవని విట్‌కమ్‌కూ అందులో సగపాలు ఉంది. క్యాన్ల విషయం అలాంటిది కాదు. గుంటూరు ఆఫీస్‌లో కూడా, పొరుగింటి పిల్ల తాగే నీళ్ళ గురించి ఆమె తల్లి చెవిలో ఒక మాట వేయవద్దని ఏ నిబంధనా లేదు.

ఆ ఉత్తరం పట్టణం తరఫు లాయర్లకు ఆయుధమైంది. సాక్షి నమ్మదగినవాడు కాదని నిరూపిస్తే దావా కూలిపోతుంది. మార్చిలో వారి మనిషి ఒకడు టైపు చేసిన కాగితంతో వసుమతి దగ్గరికి వచ్చాడు. ఇతను కపటి, ఇతని మాట దేనికీ పనికిరాదు అని ఆ కాగితంలో ఉంది. బిడ్డను పోగొట్టుకున్న పొరుగింటి తల్లి సంతకం దాని కింద పడితే మిగతా సాక్ష్యం అక్కర్లేదు. ఆమె కాగితాన్ని రెండుసార్లు చదివి వెనక్కి ఇచ్చేసింది. ఆమె అన్నది ఆమె నోటే విన్నాను:

“పప్పు సంగతి అబద్ధం. బావి గురించి ఆయన కాగితం రాసిన సంగతి నిజం. మొదటిది అబద్ధం కదా అని రెండోది కూడా అబద్ధమంటే నేను సంతకం పెట్టను. ఆ పదకొండు ఇళ్ళ వాళ్ళు నాకేం చేశారు?”

దావా నిలబడింది. మరుసటి ఏడు పట్టణం తప్పు ఒప్పుకొని రాజీకి వచ్చింది.

సంతకం పెట్టలేదన్న వార్త ఆ రోజే రామమోహన్ ఫోన్ చేసి నవోమికి చెప్పారు. దైవాశీర్వాదం గారు కోటు కూడా వేసుకోకుండా ఆ రెండిళ్ళ దూరం నడిచి వెళ్ళి బెల్ కొట్టారు. లోపల వంటింట్లో కుళాయి పారుతున్న చప్పుడు వినిపిస్తూ ఉందట. కొంతసేపటికి రామమోహన్ తలుపు కొద్దిగా తీశారు.

“ఆవిడ రాదండీ,” అన్నారు. “చలిగా ఉంది. ఇంటికి వెళ్ళండి.”