బెల్టుకు కట్టిన గుమ్మడికాయ

నా మాటల్లో చీమ కూడా ఏనుగంత ఉంటుంది, ముందే ఒప్పుకుంటున్నాను.

ధర్మవరంలో మా మరమగ్గాల షెడ్డులో, పక్క మగ్గం ఫాతిమా కొంగును బెల్టు లాగేసింది. నేను స్విచ్ ఆపబట్టి మనిషి దక్కింది. తనిఖీ అధికారి వచ్చి, బెల్టుకు ఇనుప మూత బిగించకపోతే జరిమానా తప్పదని ఓనరును హెచ్చరించాడు. ఓనరు మూతకు బదులు రోలంత గుమ్మడికాయ కట్టించాడు!

అధికారి మళ్లీ వచ్చాడు. "మూత యాడప్పా?"

"దిష్టి తీపిచ్చినాం సార్, ఇంగేం కాదు!" అంటూ ఓనరు గుమ్మడికాయను చూపించబోయి బెల్టు మీదికి వంగాడు. బెల్టు ఆయన పంచెను ఊడలాగేసింది. ఈసారి స్విచ్ ఆపింది ఫాతిమా.

"పంచెకూ ఒక గుమ్మడికాయ కట్టుకోకపోతివా అన్నా!" అంది.

జరిమానా పడింది. సాయంత్రానికల్లా మూత బిగించారు.

గుమ్మడికాయ నిజం, పంచె నిజం, జరిమానా నిజం. నేను కల్పించింది ఆ మూత ఒక్కటే. ఫాతిమా ఇప్పటికీ కొంగు నడుముకు బిగించుకున్నాకే మగ్గం దగ్గరికి వెళుతోంది.