నాలుగు వేళ్ళు తక్కువ

ఆ వీధిలో ఎవర్నడిగినా 'మళ్ళీ మేస్త్రి' షెడ్డు చూపిస్తారు. అసలు పేరేమిటో ఆయన భార్యకే ఓ క్షణం ఆలోచిస్తే గాని గుర్తు రాదు. కొండలూ గుట్టలూ ఎక్కే జీపులకు హైడ్రాలిక్ సాయం బిగించడంలో ఆయన్ని మించినవాడు లేడు. లావు టైర్లు వేసిన బండికి స్టీరింగ్ తిప్పడమంటే తల ప్రాణం తోకకొస్తుంది. అలాంటి బండికి ముందు ఇరుసు మీద చిన్న సిలిండర్ పెట్టి, స్టీరింగ్ బాక్సు నుంచి రెండు హోస్ పైపులు కలిపితే, నూనె ఒత్తిడే చక్రాల్ని నెడుతుంది. చెప్పడానికి ఇంతే. వేరేవాళ్ళు రెండు రోజుల్లో చేసే పనికి ఈయనకు వారం పడుతుంది. బిగించిన నట్టు దగ్గరికే మళ్ళీ వెళ్తాడు, కొలిచిన పైపే మళ్ళీ కొలుస్తాడు. "నిన్ననే చూశారుగా మేస్త్రీ" అంటే "మళ్ళీ చూద్దాం" అంటాడు. నత్తకు మేనమామ అని నవ్వుకునేవాళ్ళు కూడా బండిని ఇంకో షెడ్డుకు తీసుకుపోరు.

ఇంకో చాదస్తం కూడా ఉంది. పని అయ్యాక నూనెలో చిక్కుకున్న గాలి పోవాలంటే చక్రాలు గాల్లో ఉంచి, ఇంజను నడుస్తుండగా స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పాలి. ఒకరు సీట్లో కూర్చుని తిప్పితే ఒకరు కింద పడుకుని చూడాలి. ఈయన మాత్రం ఒక్కడే చేస్తాడు. ఎక్కి తిప్పుతాడు, దిగి కింద దూరతాడు, మోకాళ్ళు పట్టుకుని మళ్ళీ ఎక్కుతాడు. "నేను తిప్పుతాను, ఉండండి" అని బండివాళ్ళు ముందుకొస్తే సీటుకు అడ్డంగా నిలబడతాడు. ఆ సీటు ఖాళీగా లేదని ఎవరితో చెప్పుకుంటాడు?

ఆ సీటు తమ్ముడిది. పదిహేడేళ్ళ కిందటి దాకా ఇద్దరూ కలిసే చేసేవారు. కింది నుంచి ఈయన "ఎడమ" అనేవాడు. తమ్ముడు కొస దాకా తిప్పి "ఆనింది, అన్నయ్యా" అనేవాడు. "కుడి." "ఆనింది, అన్నయ్యా." ఇప్పుడు బండి కింద ఒక్కడే పడుకుని ఉంటే ఆ మాట పైనుంచి వినిపిస్తుంది. భ్రమ అని తెలుసు. తెలిసినా భయమే. ఏనాడైనా వినిపించకపోతే ఏం చేయాలన్నది ఇంకా పెద్ద భయం.

తమ్ముడు పోయింది సొంత జీపులోనే. ఆ జీపుకు సిలిండర్ బిగించింది ఈయనే. పైపులు కొలిచే రోజున జాకీలు ఇరుసు కింద ఉన్నాయి. అలా ఉంటే బండి బరువుకు స్ప్రింగులు అణిగే ఉంటాయి, ఇరుసు కిందికి వేలాడదు, పైపు కొలత పొట్టిగా వస్తుంది. "జాకీలు ఛాసిస్ కిందికి మారుద్దామా, అన్నయ్యా?" అని తమ్ముడు అడిగాడు. మారిస్తే గంట పని, కడుపులో ఆకలి. "అక్కర్లేదురా, నేను చూశానుగా" అన్నాడు.

మూడో రోజు రాళ్ళ లోయ అంచున ఎడమ చక్రం గోతిలోకి వేలాడింది. పైపు చాలలేదు. బిగింపులోంచి ఊడిపోయింది, నూనె కారిపోయింది, స్టీరింగ్ తిరగలేదు, బండి లోయలోకి దొర్లిపోయింది.

ఏటవాలు జారిందన్నారు, రాత బాగాలేదన్నారు. లోయలోకి అందరికన్నా ముందు దిగింది ఈయనే. వేలాడుతున్న పైపును చూసి, మిగతావాళ్ళు వచ్చేలోపు మడిచి ఇంజను సందులోకి తోశాడు. బండిని తమ్ముడి ఇంటి పెరట్లో చేర్చి టార్పాలిన్ కప్పారు. పదిరోజుల తర్వాత ఆ పైపు తీసేద్దామని వెళ్తే అక్కడ లేదు. ఎవరు తీశారో తెలియలేదు. ఆనాటి నుంచి ఆయనది గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే బతుకు. మరదలు ఎదురైతే "బాగున్నారా, బావగారూ?" అంటుంది. అంతకు మించి ఒక్క మాట ఉండదు. ఆ రెండు మాటల్ని ఆయన ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నాడో లెక్కలేదు.

మొన్న సోమవారం పొద్దున్నే అదే జీపు షెడ్డు ముందు ఆగింది. తమ్ముడి కూతురు దిగింది. తండ్రి పోయేనాటికి ఏడేళ్ళ పిల్ల, ఇప్పుడు గుట్టల మీద నీటి పంపులు బాగుచేసే ఉద్యోగంలో ఉంది.

"పెద్ద టైర్లు వేయించాక తిప్పలేక చస్తున్నా, పెదనాన్నా. బండి బాగుచేయించినప్పుడు పాత సిలిండర్ తీసేసి, స్టీరింగ్ బాక్సు కొత్తది వేశారు. సిలిండర్ మీరే బిగించాలి."

"ఈ పాత బండికెందుకమ్మా ఇప్పుడు?"

"నాన్న బండి కదా. అమ్మే ఇక్కడికి తీసుకెళ్ళమంది. అయ్యేదాకా పక్కనే ఉండమంది."

కాదంటే ఎందుకని అడుగుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒప్పుకున్నాడు.

మూడు రోజులు బాగానే గడిచాయి. స్టీరింగ్ బాక్సుకు రెండు రంధ్రాలు వేసి, మర కోసి, లోపల ఇనుప రజను లేకుండా అయస్కాంతంతో రెండుసార్లు వెతికాడు. నాలుగో రోజు మధ్యాహ్నం పైపులు కొలవాలి. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి ఇరుసును పూర్తిగా వేలాడదీశాడు. కొలత తాడు పట్టుకుని కింద దూరేసరికి పైన సీటు కిర్రుమంది. పిల్ల ఎక్కి కూర్చుంది. దిగమనాలనుకున్నాడు. నోట్లోంచి మాత్రం పాత మాటే వచ్చింది.

"ఎడమ."

చక్రం నెమ్మదిగా తిరిగి ఆగింది.

"ఆనింది, పెదనాన్నా."

దాని వెనకే రెండో గొంతు కూడా వినిపించింది. ఆనింది, అన్నయ్యా.

"ఇంత పైకి లేపాలా? జాకీ ఇరుసు కింద పెడితే తొందరగా అయిపోదూ?" అంది పిల్ల.

ఆయన తాడు కింద పెట్టాడు. ఇప్పుడు చెప్పకపోతే ఈ పిల్లను కూడా ఆ అబద్ధంతోనే గుట్టలెక్కించాలి.

"ఆ రోజు ఇరుసు కిందే పెట్టానమ్మా. మీ నాన్న మారుద్దామన్నాడు. నేనే వద్దన్నాను. పైపు చాలలేదు. అందుకే పోయాడు. లోయలో ఆ పైపు నేనే దాచాను."

తర్వాత రెండు బూట్లు నేల మీదికి దిగి, బండి వెనక్కి నడిచి, తిరిగొచ్చాయి. ఆయన ముఖం పక్కన నేల మీద నల్లటి హోస్ పైపు పడింది. ఎండి కర్రలా బిగుసుకుపోయి ఉంది. ఒక కొస చిరిగి ఉంది.

"బండి ఇంటికొచ్చిన రోజే అమ్మ తీసి బీరువాలో పెట్టింది," అంది పిల్ల. "జాకీల సంగతి నాన్న ముందే ఇంట్లో చెప్పాడట. అన్నయ్య చూశానన్నాడు, ఇంకేం భయం అన్నాడట."

ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"మీరు చెప్తే ఇది ఇచ్చి పని చేయించుకోమంది. చెప్పకపోతే బండి వెనక్కి తోలుకొచ్చేయమంది."

"ఇన్నేళ్ళూ మీ అమ్మ ఒక్కసారైనా అడగలేదేమ్మా?"

"అడిగితే చెప్పడం వేరు, తనంతట తాను చెప్పడం వేరు, అంది అమ్మ." పిల్ల మళ్ళీ అంది, "క్షమించిందా అని మాత్రం నన్నడక్కండి. ఆ మాట నాతో అనలేదు."

బండి కింద పడుకునే ఆయన ఏడ్చాడు. పిల్ల ఆపలేదు, దగ్గరికీ రాలేదు. చాలాసేపటికి జేబులోని గుడ్డతో ముఖం తుడుచుకుని, వేలాడుతున్న ఇరుసు దగ్గర తాడు పట్టి, దాని పక్కన పాత పైపు ఆనించాడు. తాడు కొసకూ పైపు కొసకూ మధ్య చెయ్యి పెట్టి చూశాడు. నాలుగు వేళ్ళు తక్కువ. చెయ్యి తీసి, మళ్ళీ పెట్టి చూశాడు. నాలుగు వేళ్ళే.

"ఎక్కమ్మా. మళ్ళీ చూద్దాం."

సీటు కిర్రుమంది.

"ఎడమ."

"ఆనింది, పెదనాన్నా."

ఆయన రెండో గొంతు కోసం ఆగాడు. ఇంకాసేపు ఆగాడు. అది రాలేదు.

"తర్వాత కుడేగా, పెదనాన్నా?" అని పిల్ల పైనుంచి అడిగింది. ఆయన తాడు సర్దుకుని, "కుడి," అన్నాడు.