ఓబులేసు మామ ఆటలో అరటిపండు కాదు

నిన్న పొద్దున కర్నూలులో టీ తాగుతాంటే ఫోనొచ్చింది. ఓబులేసు మామ లేడంట.

ఏ ఓబులేసు మామ అని అడిగినా. నాకు ఉండేది ఒక్కడే అని తెలిసి గూడా అడిగినా.

గ్లాసు ఆడనే పెట్టి రాజంపేట బస్సెక్కినా.

ఏడుస్తా రాయాలని కూచున్నా ఫ్రెండ్స్. కానీ మామను తల్చుకుంటే ఏడుపు కన్నా ముందు ఆ ఆదివారం గుర్తొస్తాండాది. ఒళ్లు ఇప్పటికీ జల్లుమంటాది. అదే చెప్తా, ఇనండి.

మామ మా అమ్మకు తమ్ముడు. ముప్పై ఏండ్లు మగ్గం నేసినోడు. ఆటో బోల్తా పడి కుడిచేతి నరాలు చచ్చిపోయినాయి. అప్పుడు నేను రాజంపేటలో చిన్న నెట్ సెంటర్ పెట్టుకోని ఉంటి. ఇంట్లో పొద్దుపోక దినామూ వచ్చి నా పక్కన కూచునేవాడు.

ఒకదినం కంప్యూటర్లో కత్తి ఆట మొదలుపెట్టినాడు. కోటలో దూకాల, వంగాల, కత్తి తిప్పాల, చివర్లో రెండు తలల రాక్షసుడిని చంపాల. కాలేజీ పిల్లోళ్లే ఆ రాక్షసుడి కాడ మౌస్ ఇసిరికొట్టి లేసిపోయేవాళ్లు. మామ ఒంటిచేత్తో మొదటి గోడ గూడా దాటలే.

నాకు పాపమనిపించింది. మామ నీళ్లు తాగను లేస్తే సెట్టింగ్స్‌లో హార్డ్ తీసేసి ఈజీ పెట్టినా.

మామ గెల్చేసినాడు. నేను చప్పట్లు కొట్టినా.

మామ నవ్వలే. రాక్షసుడు రెండు దెబ్బలకే పడినాడేమి అని స్క్రీన్ పక్క చూసి, నా పక్క చూసినాడు. నా మొగం చూస్తానే తెలిసిపోయింది.

"పెండ్లికి పోతే కూచో అంటారు. మగ్గం కాడికి పోతే నీకెందుకులే అంటారు. అందరూ నన్ను ఆటలో అరటిపండు చేసినారు. నువ్వు గూడా అంతేనా అల్లుడా?"

వారం రాలే. నాకు అన్నం సయించలే.

ఎనిమిదో దినం చంకలో రెండు చెక్కలు పెట్టుకోని దిగినాడు. మగ్గం గుంతలో కాళ్లతో తొక్కే చెక్కలు.

"ఆట తగ్గించొద్దు. మీటలు నా కాళ్ల కాడికి తీసుకురా," అన్న్యాడు.

అబ్బ! అంత చిన్న మాట నాకెందుకు తట్టలేదో.

టీవీ రిపేరు మస్తాన్ భాయ్ పాత కీబోర్డు విప్పి, వైర్లు లాగి, చెక్కల కింద కాలింగ్ బెల్ స్విచ్చులు బిగించినాడు. ఎడమకాలు తొక్కితే దూకుడు, కుడికాలు తొక్కితే వంగుడు. కత్తి మటుకు ఎడమచేతికి. ఇది పనిచేస్తే నా మీసం తీసేస్తా అని భాయ్ పందెం.

ఆదివారం మధ్యాన్నం. రెండు గంటలకు కరెంటు కోత. ఆ ఆటలో మధ్యలో సేవ్ చేసుకునేది లేదు.

హార్డ్ మీదే మొదలుపెట్టినాడు.

టక్ టక్, టక్ టక్. మగ్గం ఆడించినట్టే! సెంటర్లో ఉండేవాళ్లంతా సొంత కంప్యూటర్లు వదిలేసి మామ ఎనకాల నిలబడినారు.

రెండుకు పది నిమిషాలుండగా రాక్షసుడి కాడికి చేరినాడు. మూడు ప్రాణాల్లో రెండు పోయినాయి. మామ తొక్కేది ఆపి, ఆటలో తన బొమ్మను దూరంగా నిలబెట్టి రాక్షసుడిని ఊరికే చూసినాడు.

"వీడు చీర అంచు నేసినట్టు వరసగా కొడ్తాండాడు అల్లుడా. రెండు ఎడమ, ఒకటి కుడి. మళ్ల రెండు ఎడమ."

ఆ లెక్క పట్టినాక ఒక్క దెబ్బ గూడా తగల్లే. రాక్షసుడు కూలినాడు. సెంటరంతా ఒకటే కేకలు, ఈలలు!

స్క్రీన్ పేరు అడిగింది. మామ ఒక్కో అక్షరం ఎతుక్కుంటా ఓబులేసు అని కొట్టినాడు. ఆఖరు అక్షరం కాడ కరెంటు పోయింది.

పేరు ఎక్కలేదే అని నేను తల పట్టుకున్నా. మామ మాత్రం చెప్పులు ఏసుకుంటా, "ఇంతమంది చూసినారు కదప్పా, చాలు," అన్న్యాడు.

భాయ్ సాయంత్రానికి మీసం లేకుండా వచ్చినాడు.

నిన్న అత్త ఆ చెక్కలు నా చేతిలో పెట్టింది. మామ పాదాలు ఆనే చోట నున్నగా అరిగిపోయినాయి.

పోయిన నెల ఫోన్లో అడిగినాడు, దానికన్నా కష్టమైంది ఏమన్నా వచ్చిందా అని. వచ్చింది మామా. సీడీ కొని పెట్టినా. ఈవారం తెద్దామనుకుంటి.

నిమ్మళంగా పడుకో మామా. నువ్వు ఎప్పుడూ లెక్కలోనే ఉంటివి.