పది మంది పేర్లు, పది పాలిష్ బండలు

ఆ రోజుల్లో, అంటే కర్నూల్లో ఎంబీఏ పట్టా చేతికొచ్చిన కొత్తలో, నాకు తెలియనిది కూడా ఒకటుందని ఎవరైనా అంటే నవ్వొచ్చేది. మనిషికి తెలివి చదివితే కొంత, చెడితే కొంత వస్తుంది. మొదటి రకం నా దగ్గర దండిగా ఉండేది. రెండో రకం కోసం బేతంచెర్ల దాకా పోవాల్సి వచ్చింది. మాది ఎమ్మిగనూరు వైపు మగ్గాల ఇల్లు. బేతంచెర్లలో ఒక పాలిష్ బండల ఫ్యాక్టరీలో మార్కెటింగ్ ఉద్యోగం వచ్చిందని చెబితే మా నాయన మగ్గం మీంచి తలెత్తకుండానే, "మూడు నెల్లు చూడు. కుదరకపోతే ఇంటికొచ్చి నూలు కండెలు చుట్టుకో, ఎంబీఏ చదివినోళ్లు చుట్టగూడదని యాడా లేదు" అన్నాడు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఏమైనా సరే, కండెల దగ్గరికి తిరిగి పోకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

మూడు నెలలన్న లెక్క మా నాయన ఊరికే చెప్పింది కాదు. ఫ్యాక్టరీ ఓనరు పెట్టిన గడువే అది. ఆయన్ను అందరూ తెల్లప్ప అనేవాళ్లు. మనిషి నల్లనే, కానీ నెత్తి నుంచి చెప్పుల దాకా ఎప్పుడూ రాతి పొడి కప్పుకుని ఉండేవాడు. (నా ఆఫీసు పాలిష్ మిషను పక్క గదిలోనే. నెల తిరిగేసరికి నేనూ ఇంచుమించు ఆ రంగులోకే వచ్చేశాను.) "మూడు నెల్లల్లో ఒక్క కొత్త కాంట్రాక్టరును తీస్కరా పాపా. ఒక్కడు శాలు. రాకుంటే నేను నొచ్చుకోను, నువ్వూ నొచ్చుకోగూడదు" అని ఉద్యోగం ఇచ్చేటప్పుడే మర్యాదగా చెప్పాడు. రెండు నెలలు తిరిగాను. కర్నూలు, నంద్యాల, కడప, ఎక్కడ చూసినా కాంట్రాక్టర్లంతా తళతళలాడే టైల్స్ మోజులో ఉన్నారు. నేను సంచిలోంచి బండ ముక్క తీయగానే, "అది మా తాతల కాలందిలేమ్మా" అని టీ తాగించి పంపించేవాళ్లు. రెండు నెలల్లో నేను సంపాదించింది ఆ టీలే.

అప్పుడు తట్టింది ఆ మహత్తరమైన ఆలోచన. కొత్త సంవత్సరం వస్తే ప్రతి షాపువాడూ తన పేరున్న క్యాలెండరు ఇస్తాడు. తీసుకున్నవాడికి అందులో ఏముంది? ఎవరికిచ్చిన కానుక మీద వాళ్ల పేరే ఉండాలి, వాళ్ల ఫొటో ఉండాలి, అదీ వాళ్ల పుట్టినరోజున చేతికి అందాలి. మనకు కాగితాలెందుకు, బండలు లేవా? అద్దంలా పాలిష్ పట్టిన రెండడుగుల బండ మీద కాంట్రాక్టరు పేరు బంగారు రంగు అక్షరాలతో చెక్కించి, పైన ఫొటో అతికించి, కింద పుట్టినతేదీ వేయించి పంపిస్తే ఆ మనిషి రోజూ తన పేరు చూసుకుంటాడు, పేరుతో పాటు మన పాలిష్షూ చూస్తాడు. తెల్లప్ప నోరు తెరుచుకుని విని, "సదువంటే సదువేనప్పా" అని పక్కనున్న మేస్త్రీతో అన్నాడు. ఆ మేస్త్రీ ఏదో అనబోయి నా మొహం చూసి ఊరుకున్నాడు. ఆ రోజు ఆయన నోరు విప్పి ఉంటే ఈ కథే లేదు.

పదిమంది పెద్ద కాంట్రాక్టర్లను ఎంచుకున్నాను. వాళ్ల ఫొటోలు, పుట్టినతేదీలు ఫోన్లో వెతికి సంపాదించాను. నవ్వుతున్న ఫొటోలు పక్కన పెట్టి, హుందాగా ఉంటాయని గంభీరమైనవే ఏరాను. వాటిని తీసుకుని రాతి మీద పేర్లు చెక్కే చాచా దగ్గరికి పోయాను. బజారు చివర రేకుల షెడ్డు ఆయనది, చేతిపనిలో ఆయన్ను మించినవాడు లేడని ఊరంతా చెప్పింది. (ఏ పేర్లు చెక్కుతాడో నేను అడగలేదు, ఊరూ చెప్పలేదు.) చాచా పది ఫొటోలనూ ఒక్కొక్కటే చూసి, చాలాసేపు గడ్డం నిమురుకుని, "అందరివీ ఒకేసారా బేటీ?" అన్నాడు. "అవును చాచా, పదీ ఒకేసారి కావాలి" అన్నాను గర్వంగా. ఆయన లేచి నాకు కుర్చీ వేసి, కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చి, "నేనేమీ అడగను తల్లీ. అడిగితే నీకు శానా కష్టమైతాది. మిగతా పనులన్నీ పక్కన పెట్టి నీదే ముందు చేస్తా" అన్నాడు. కూలి కూడా సగమే చాలన్నాడు. చదువుకున్న పిల్లకు ఈ ఊళ్లో ఎంత గౌరవమో అనుకుంటూ వచ్చాను.

వారానికి బండలు తయారయ్యాయి. ఎంత ముచ్చటగా ఉన్నాయో. ఫొటోకు అటొకటి ఇటొకటి రెండు దీపాలు చెక్కాడు, నేను చెప్పకుండానే. శుభమే కదా అనుకున్నాను. పేరు కింద 'జననం' అని తేదీ వేసి, దాని కింద ఇంకో వరుసకు సరిపోయేంత జాగా నున్నగా వదిలేశాడు. ఇదేమిటి చాచా అంటే, "అది నువ్వు రాసియ్యలేదు కదా తల్లీ. తెలిసినాక తెస్తే చెక్కి ఇస్తాలే" అన్నాడు జాలిగా. నాకు అర్థం కాలేదు. అయినా ఖాళీ జాగా ఉంటేనే దేనికైనా అందమని మా కాలేజీలో చెప్పారు కాబట్టి బాగుందనే అన్నాను.

మొదటి పుట్టినరోజు కడపలో గొడుగు కాంట్రాక్టరుది. ఎండాకాలం సైట్లో మనిషికంటే ముందు గొడుగు కనిపిస్తుందని ఆ పేరు. మూడు అపార్టుమెంట్లు కడుతున్నాడు, ఆయన ఒక్కడు ఒప్పుకుంటే నా ఉద్యోగం గట్టిపడినట్టే. మిగతా తొమ్మిది బండలనూ ఆఫీసు గోడకు వరుసగా ఆనించి, ఆయన బండను నేనే స్వయంగా మోసుకుపోయాను. కడప బస్టాండులో దిగగానే, పుట్టినరోజు కదా అని దానికో చామంతుల దండ కూడా వేశాను. ఆటో డ్రైవరు వెనక సీటులో నా పక్కన నిలబెట్టిన బండను అద్దంలో చూసి, మోగుతున్న పాట ఆపేశాడు. గుంతలు తప్పించుకుంటూ మెల్లగా నడిపాడు. దిగేటప్పుడు బండకు దండం పెట్టి, "ధైర్యంగా ఉండు అక్కా" అన్నాడు. సేల్సు పనికి ధైర్యం కావాలని ఆటోవాళ్లకు కూడా తెలిసిందే అని మురిసిపోయాను.

ఇంట్లో ఆయన లేడు. వాళ్లమ్మ, డెబ్బై దాటిన అవ్వ, వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. "కాంట్రాక్టరు గారికి మా కంపెనీ తరఫున అవ్వా" అని, నాకు చేతనైనంత వినయంగా బండను గోడకు ఆనించాను. అవ్వకు చదువు రాదు. చదువుతో పనేముంది? కొడుకు ఫొటో, దండ, దీపాలు. ఒక్క క్షణం కళ్లార్పకుండా చూసింది. చేతిలోని చింతపండు జారిపోయింది. "నా కొడకా, పొద్దున సంగటి తిని పోతివి గదరా" అని పెట్టిన శోకం వీధి చివరిదాకా వినబడింది.

నాకు అప్పుడు, అప్పుడు మాత్రమే, ఆ బండ మామూలు కళ్లకు ఎలా కనిపిస్తుందో కనిపించింది. "లేదవ్వా, ఆయన బాగున్నాడు, ఇది బహుమతి" అంటున్నాను గానీ వినేదెవరు? వీధి వీధంతా వచ్చేసింది. ఎవరో కాంట్రాక్టరుకు ఫోన్ చేశారు, ఆయన ఎత్తలేదు. (సైట్లో ఉంటే ఎత్తడట, అప్పులవాళ్లయినా అమ్మయినా ఒకటేనట.) ఇంకొకాయన బండి తీసుకుని సైటుకు పరిగెత్తాడు. మరొకాయన వాకిట్లో బెంచీలు వేయించాడు. నా ఉద్యోగం, మా నాయన, కండెలు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగి నాకూ ఏడుపు ఆగలేదు. పక్కింటామె నన్ను దగ్గరికి తీసుకుని, "ఊరుకో పాపా, ఆఫీసులో పిల్లోళ్లు ఇంతగా ఏడుస్తాండారంటే ఎంత మంచోడో" అని తన కొంగుతో నా కళ్లు తుడిచింది.

ఇంతలో గుంపు వెనక ఒక నల్ల గొడుగు కనిపించింది. ఇంటికాడ ఏదో జరిగిందన్న కబురు విని పరిగెత్తుకొచ్చిన కాంట్రాక్టరు జనాన్ని తోసుకుని, గొడుగు ముడుస్తూ, "ఏమప్పా, మా ఇంటికాడ ఈ జనమేంది? ఎవురు పోయినారు?" అన్నాడు. అవ్వ తల ఎత్తి చూసింది. లేచింది. గోడవారన ఉన్న చీపురు తీసుకుని కొడుకు వీపు మీద రెండు వేసి, మూడోది వేయబోయి చీపురు పారేసి, రెండు చేతులా వాటేసుకుంది. "ఫోన్ ఎత్తేదానికి నీకేం రోగంరా" అని ఏడుస్తూనే ఉంది.

తర్వాత ఆయన బండ ముందు కూర్చుని నిదానంగా చదివాడు. పేరు, జననం, తేదీ. కింద ఉన్న ఖాళీ మీద వేలు ఆనించి, "ఈడ ఏం రాయాలనుకున్నావు పాపా?" అన్నాడు. మా ఓనరు చెప్పాడని అనబోయాను. ఎందుకో నోరు రాలేదు. "ఏమీ లేదు సార్. ఆలోచనంతా నాదే, తప్పు కూడా నాదే" అన్నాను. ఆయన తిడతాడని ఎదురుచూశాను. తిట్టలేదు. అవ్వ ఆయన చెయ్యి వదలకుండా తన గదిలోకి లాక్కుపోయి, కింద కూర్చోబెట్టి కంచం పెట్టింది. ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇంక పో పాపా" అన్నాడు.

బస్టాండు నుంచి తెల్లప్పకు ఫోన్ చేసి అంతా చెప్పాను. "ఆ తొమ్మిదీ గోడకు తిప్పి పెట్టిస్తా. నువ్వు జాగ్రత్తగా రా" అని మాత్రం అన్నాడు. మర్నాడు పేర్లు అరగదీయించడానికి చాచా షెడ్డుకు పోయి, పదిమందీ నిక్షేపంగా ఉన్నారని చెప్పాను. ఆయన సుత్తి కింద పెట్టి, "పదిమందీనా?" అని రెండుసార్లు అడిగాడు. అవునంటే అక్కడే కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. "పదిమందీ ఎక్కిన బస్సు బోల్తా పడిందేమో అనుకుంటి. నలభై ఏండ్లుగా చెక్కుతాండా బేటీ. చెక్కినాక బతికొచ్చింది ఈ పదిమందే" అని నవ్వాడు. ఆ నవ్వు చూశాక నాకు ఇంకా సిగ్గేసింది.

మూడు నెలల గడువు చివరికి వచ్చింది, ఆర్డరు రాలేదు. నా పెట్టె నేనే సర్దుకుని, తెల్లప్పకు ఇవ్వడానికి రాజీనామా కాగితం రాసుకున్నాను. ఆ పొద్దునే గొడుగు కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. "పాపా, మా ఇంట్లో ఒక గదికి బండలు కావల్ల. కాలు జారకుండా కొంచెం గరుకుగా ఉండాల" అన్నాడు. అపార్టుమెంటుకా సార్ అన్నాను ఆశగా. "కాదులే. మా అమ్మ గది. ఆ దినం కింద కూసుని తినేటప్పుడు చూసినా. నేల అంతా పగిలిపోయి, అమ్మ అరికాళ్లు కోసుకపోయి ఉండాయి. ఊళ్లో అందరి ఇండ్లకూ నేలలు ఏస్తాండా, ఆ గదిలోకి పోయి ఎన్నేండ్లయిందో" అని, "నువ్వు రాగూడదు, బండలు పంపించు" అన్నాడు.

పది అడుగులకు పది అడుగులు. బేతంచెర్ల చరిత్రలో అంత చిన్న ఆర్డరు వచ్చి ఉండదు. తెల్లప్ప కాగితం మీద లెక్క వేసి, మిగిలేదేమీ లేదని చూసి, "ఒక్కడు శాలంటి గదా పాపా. వచ్చినాడు" అని నా రాజీనామాను మడిచి టీ గ్లాసు కింద పెట్టాడు. నేను ఇంటికి ఫోన్ చేసి, కండెలు ఇంకెవరైనా చుట్టుకోవచ్చని చెప్పాను.

ఇప్పుడు నాకు ఇదే వృత్తి. కంపెనీల తరఫున వాళ్ల కస్టమర్లకు పేర్లు వేసిన ఫ్లాస్కులు, డైరీలు, పెన్నులు వేలకు వేలు పంపిస్తుంటాను. అన్నీ వేళకు చేరతాయి, ఎవరూ ఏడవరు, అందరూ ఫోన్లో బొటనవేలి బొమ్మ ఒకటి తిరిగి పంపిస్తారు. అన్ని వేలలో ఒక్కటైనా ఒక కొడుకును పట్టపగలు అమ్మ దగ్గరికి పరిగెత్తించిందా అంటే లేదు. అంత గొప్ప పని నేను చేసింది ఒక్కసారే, అదీ ఏమీ తెలియనప్పుడు. చామంతుల దండ వేసిన బండను పక్కన పెట్టుకుని, కడప ఆటోలో నిటారుగా కూర్చున్న ఆ తెలివైన పిల్ల గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో నవ్వొస్తుంది. పక్కన జరిగి కూర్చుని, ఆ బండను ఇంకో వైపు నేనూ పట్టుకోవాలనిపిస్తుంది.