మా వదిన బిగించిన వాటర్ పంపు

మా వదిన పోయిందని మొన్న శుక్రవారం పొద్దున్నే ప్రొద్దుటూరు నుంచి ఫోన్ వచ్చింది. జమ్మలమడుగులో మా ఇంటి వసారాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. ఏడుపు కంటే ముందు నాకొక మాట తట్టింది: అన్న దగ్గరికి ఈసారి కూడా ఆమే ముందు పోయింది. ఆ తర్వాతే ఏడ్చాను. చదివేవాళ్లు నన్ను ఏమైనా అనుకోండి. ఆమెను చూసి జీవితమంతా ఉడుక్కున్నదాన్ని. అది పక్కన పెట్టి ఆమె గురించి రాయడం నాకు చేతకాదు.

నన్ను కంటూనే మా అమ్మ పోయింది. పదేళ్లకు పైగా పెద్దవాడైన అన్నే, అవ్వతో కలిసి నన్ను పెంచాడు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో ఒక పత్తి వ్యాపారి దగ్గర డ్రైవరుగా ఉండి, తర్వాత ఆయన పాత కారునే కొని పెళ్లిళ్లకు బాడుగకు తిప్పేవాడు. దానికి ఏ జబ్బు చేసినా మా పెరట్లోనే వైద్యం. పానాలు అందించేది నేను. ఏ బోల్టుకు ఏ పానా కావాలో అతను అడగకముందే చేతిలో పెట్టేదాన్ని. అయితే బోల్టు మీద నేను చెయ్యి వేస్తే మాత్రం కసిరేవాడు. "గమ్మునుండు పాపా, వేళ్లు నలుగుతాయి."

వదిన పులివెందుల నుంచి కాపురానికి వచ్చిన నెలలోనే అన్న బానెట్టు ఎత్తి ఆమెను పిలిచాడు. "ఏమ్మే, ఇట్ల రా. ఈ బోల్టు విప్పు సూద్దాం."

ఆమె పానా తలకిందులుగా పట్టుకుంది. బోల్టును ఇంకా బిగించింది. చేయి జారి మోచేయి గీరుకుంది. అన్న ఒక్కసారి కూడా కసరలేదు. పక్కన నిలబడి నవ్వుతూ, "నిదానం, నిదానం" అన్నాడు. నేను లోపలికి వెళ్లి పడుకున్నాను. ఆ రోజు అన్నానికి లేవలేదు. కాసేపటికి ఆమె కంచం పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది.

"కుళ్లుకుంటే కుళ్లుకో పాపా. అన్నం మాత్రం తిను."

"ఎవరు కుళ్లుకునింది?"

"నువ్వే. నీ జాగాలో ఉంటే నేనూ కుళ్లుకుందును. తిను, సల్లారిపోతాది."

తన మీద కోపం పెంచుకోవడానికి కూడా చోటివ్వని మనిషి.

రెండేళ్లు తిరిగేసరికి ఆమె గోళ్ల కింద నలుపు నిలిచిపోయింది. శీకాయతో రుద్దినా, బూడిదతో తోమినా పోలేదు. పెళ్లి పంక్తుల్లో ఆడవాళ్లు ఆ చేతులు చూసి మూతులు తిప్పుకునేవారు. ఆమె పట్టించుకోకుండా పప్పు కలుపుకుని తినేది. నేను మాత్రం ఆ నలుపును చూస్తూ ఉండేదాన్ని. నా చేతులు శుభ్రంగా ఉన్నందుకు బాధపడేదాన్ని.

నాకు జమ్మలమడుగులో పెళ్లయింది. తొలి కాన్పుకు ప్రొద్దుటూరులో పుట్టింటికి వచ్చాను. బిడ్డ అడ్డం తిరిగి ఉందని, నొప్పులు మొదలు కాగానే జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకురమ్మని, ఈలోగా బస్సెక్కించవద్దని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లో ఎవరూ మా అమ్మ పేరెత్తలేదు. అవ్వ మాత్రం నన్ను చూసినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే రాజుపాలెం దారిలో కారు పొగలు కక్కి ఆగిపోయింది. ఇంజనును చల్లబరిచే నీళ్లను తిప్పే పంపు పాడై, నీళ్లన్నీ కారిపోయాయట. ఎడ్లు కట్టి ఇంటికి లాక్కొచ్చారు. కడప నుంచి కొత్త పంపు తెప్పించారు. కారును పెరట్లోకి తెద్దామని అన్న దాని ముందు భాగంలో హ్యాండిల్ పెట్టి తిప్పితే, అది ఎదురు తన్ని అతని కుడి మణికట్టు విరిగింది. ఊళ్లో ఈ పని తెలిసిన మేస్త్రీ చూస్తే పెళ్లికని కమలాపురం పోయి ఉన్నాడు.

వదిన కొంగు బిగించి దోపుకుంది. "నువ్వు నోటితో చెప్పు. నేను జేస్తా."

నేను పందిరి కింద మంచం మీద ఉన్నాను. వంగలేను, లేవలేను. పానాలు ఆమే తీసుకుంటోంది. బెల్టు వదులు చేసి తీసింది. ఫ్యాను రెక్కలు విప్పింది. పంపు బోల్టుల్లో ఒకటి మొండికేసింది.

"సుత్తితో కొట్టు" అన్నాడు అన్న, మెడకు వేలాడే చేతితో అటూ ఇటూ తిరుగుతూ.

"కొడితే తెగుతాది. కిరసనాయిలు పోసినాను. నాననీ."

ఆమె వచ్చి నా మంచం పట్టె మీద కూర్చుంది. మోచేత్తో నా కడుపును తాకింది. "ఏం జేస్తాండాడు లోపల?"

"అడ్డంగా పండుకోనుండాడు."

"మొండోడు. మీ అన్న పోలికే."

నవ్వొచ్చింది. భయం కాస్త వదిలింది. అయినా ఆమె లేచి మళ్లీ అన్న పక్కకు వెళ్లినప్పుడు నా కడుపులో కదిలింది బిడ్డ ఒక్కటే కాదు.

బోల్టు లొంగింది. పాత పంపు ఊడింది. దళసరి కాగితాన్ని కొత్త పంపు మూతి మీద పరిచి, అంచుల వెంట సుత్తితో మెల్లగా తట్టి, నీళ్లు కారకుండా ఆపే ప్యాకింగు కత్తిరించింది. గ్రీసు పూసి అతికించింది. ఒక బోల్టును పూర్తిగా బిగించి ఇంకోదానికి పోకుండా, అన్నింటినీ కొంచెం కొంచెంగా తిప్పుతూ వచ్చింది. పొద్దు వాలేసరికి రేడియేటరులో నీళ్లు పోసి, పంపు కింద వేలు పెట్టి చూసి, దాన్ని అన్నకు చూపించింది. వేలు పొడిగా ఉంది. అప్పుడు అన్న ఆమెను చూసిన చూపు, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నా వైపు ఎప్పుడూ రాలేదు.

తెల్లవారుతూనే నొప్పులు వచ్చాయి. మా వీధిలో కారు నడపడం తెలిసినవాళ్లు మరొకరు లేరు. వీధిలోని మగవాళ్లు తోస్తే ఇంజను అందుకుంది. అన్న ఎడమ చేత్తో స్టీరింగు పట్టాడు. గేరు మార్చడానికి అతనికి ఇంకో చేయి లేదు. వదిన పక్కన కూర్చుని గేరు కర్ర పట్టుకుంది.

"రెండు" అనేవాడు. వేసేది. "మూడు." వేసేది. సగం దారికి అతను అంకెలు చెప్పడం మానేశాడు. తల కాస్త వంచితే చాలు, ఆమె చేయి కదిలేది. అవ్వ ఒడిలో తల పెట్టుకుని, పళ్లు బిగించి, నేను ఆ రెండు వీపులనే చూస్తున్నాను. చచ్చిపోతానేమోనన్న భయంలో కూడా, నేనెందుకు అక్కడ లేనని ఉడుక్కున్నాను.

వదిన వెనక్కి తిరిగింది. "అరువు పాపా, బాగా అరువు. ఈ ఇంజను మోతలో ఎవురికీ ఇనపడదు."

అరిచాను. పంపు దారంతా నిలిచింది. డాక్టరమ్మ బిడ్డను తిప్పి బయటికి తీసింది. ఆడపిల్ల. నేను కళ్లు తెరిచేసరికి అన్న ఒక్కడే నా పక్కన ఉన్నాడు. వదిన ఏదని అడిగాను. "కారుకాడ ఉంది. 'నీ చెల్లెలు, నువ్వు పో' అనింది" అన్నాడు. ఆ పూటంతా ఆమె లోపలికి రాలేదు. నా చేయి పట్టుకుని అన్న చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అన్న పోయి చాలా ఏళ్లయింది. అప్పుడు కూడా వచ్చినవాళ్లంతా ముందు ఆమెనే పట్టుకుని ఏడ్చారు. కర్మ అయ్యాక, అందరూ వెళ్లిపోయాక, ఆమె నా దగ్గరకొచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఒకటడుగుతా చెప్పు. ఆయప్ప పిల్లోడుగా ఎట్లుండె?"

నేను ఆమె వైపు తిరిగాను.

"నేనొచ్చేసరికి మీసాలొచ్చినోడు. అంతకుముందుదంతా నీకాడే ఉంది, నాకాడ ల్యా. నిన్ను సూసి ఎంత కుళ్లుకున్నానో నీకేం తెలుసు?"

ఆ రోజు అన్న చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాను. ఆ తర్వాత ప్రొద్దుటూరు పోయినప్పుడల్లా ఒక్కటే చెప్పేదాన్ని. "ఇంగోటి" అని ఆమె బతిమాలేది. "మళ్లీ వచ్చినప్పుడు" అనేదాన్ని. ఆమె చేయి గట్టిగా పట్టుకుని, "రాచ్చసివి పాపా నువ్వు" అని నవ్వేది. అవి చెప్పడానికైనా నేను మళ్లీ వస్తానని ఆమెకు తెలుసు.

ఒకటి మాత్రం చివరిదాకా దాచుకున్నాను. ఇప్పుడు దాన్ని విని కుళ్లుకునే మనిషి లేదు. మీకు చెబుతాను.

నాకు ఐదారేళ్లు. ఎండాకాలం, పెన్నలో నీళ్లు లేవు. ఇసుక కాలుతోందని అన్న నన్ను భుజాలకెక్కించుకుని ఏరు దాటుతున్నాడు. నేను రెండు చేతులతో అతని కళ్లు మూశాను. తియ్యమనలేదు. ఉత్త కాళ్లతో ఆ ఇసుకలో అట్లాగే నడుస్తూ, "యాటికి పోవాల పాపా?" అని అడిగాడు. "ఇట్ల" అన్నాను. అటే తిరిగాడు. "ఇప్పుడు?" అన్నాడు. నా అరచేతుల కింద అతని కనురెప్పలు మెల్లగా కొట్టుకుంటున్నాయి.