చెయ్యి చాపమనే మునెప్ప మామ

బంగారుపాళ్యం దగ్గర బస్సు ఆగితే చాలు, గుజ్జు ఫ్యాక్టరీ వెనక పోసిన మామిడి తొక్కల పులిసిన వాసన, అచ్చం కల్లులా గుప్పుమంటుంది. ముక్కు మూసుకునేలోపే నా కుడిచెయ్యి దానంతటదే ముందుకొస్తుంది. మొన్న పక్కసీటు పెద్దమనిషి నేనేదో అడుగుతున్నాననుకుని తన వేరుశెనక్కాయలు నాలుగు నా చేతిలో పోశాడు. తిన్నాను. ఆయనకు మునెప్ప మామ సంగతి ఎక్కడ చెప్పేది?

మునెప్ప మామ మా ఊళ్ళో ఈతచెట్లెక్కి కల్లు గీసేవాడు. చుట్టరికం లేదు, ఊరందరికీ మామే. రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులు, సర్కారు కల్లు నిషేధం ఎత్తేసి ముంతలు మళ్ళీ చెట్లకెక్కిన కాలం. ఎండాకాలం నా ఒంటినిండా సెగగడ్డలు లేస్తే మా నాయన, "పొద్దున్నే మామ కాడికి పోయి తీపికల్లు తాగిరాపో, చలవ" అని పంపించాడు. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. మా పక్క అందరూ చేసే పనే అది. పిల్లలకు కల్లు పోస్తే మందు పోసినట్టేనని నమ్మేవాళ్ళు. తెల్లవారి దించిన కల్లు చెరుకురసంలా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పులిసి తలకెక్కుతుంది. గడ్డలు తగ్గాయి గానీ నేను రుచి మరిగాను. పదహారు నిండేసరికి పొద్దుటి తీపి వదిలేసి, బడి ఎగ్గొట్టి మరీ మధ్యాహ్నపు పులుపు కోసం పోతున్నాను.

మామ కొడుకు గోవిందుకు ఇరవైమూడేళ్ళు. వెన్నలాంటి మనిషి. అరవై దాటిన తండ్రి చెట్టెక్కుతుంటే తాను కింద కూర్చునేవాడు. పొద్దున్నే రెండు ముంతలు పడందే వాడి వేళ్ళు నిలిచేవి కావు. ఆ వేళ్ళతో నడుముకు మోకు బిగించి చెట్టెక్కితే ప్రాణం దక్కుతుందా? "మా నాయనకు చెట్లంటే పిచ్చబ్బా, నన్ను ఎక్కనీడు" అని వాడే నవ్వేవాడు. నిజం తెలిసి కూడా మేమూ నవ్వేవాళ్ళం.

ఒక మధ్యాహ్నం నేను పోయేసరికి మామ ఒక్కడే కత్తి నూరుకుంటున్నాడు.

"మామా, ఒక ముంత."

"చెయ్యి చాపు."

ముంత ఇస్తాడనుకుని చాపాను. ఆయన నా వేళ్ళకేసి చూస్తూ ఉండిపోయాడు. కొసలు సన్నగా అదురుతున్నాయి. ఎండలో వచ్చాను కదా అనబోయాను. వినకుండా రెక్క పట్టుకుని తోపులోకి లాక్కుపోయాడు. అక్కడ రెండు ఈతచెట్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి గాట్లు పడినా కింది నుంచి పైదాకా లావుగా ఉంది. రెండోది నడిమి నుంచి చిక్కిపోయింది, పైన నాలుగు మట్టలు.

"రెండూ ఒకే ఏడు మొలిసినాయి రా. దీనికి ముదిరినాకనే గాటు పెట్టినా, ఇప్పటికీ నిండుగా ఇస్తా ఉండాది. దానికి లేతలోనే పెట్టినా. పడుసోణ్ణి, ఆత్రం. గాటు పడిన కాణ్ణించి సూడు, మళ్ళా లావు కాలేదు."

"చెట్ల సంగతి నాకెందుకు మామా?" అన్నాను. పొగరు కాకపోతే ఏమిటి!

"గోవిందుకు తొమ్మిదేళ్ళప్పుడు ఒళ్ళు వేడి చేస్తే చలవని నేనే తాపినా. ఈ చేత్తోనే. లేతచెట్టుకు గాటు పెట్టగూడదని ఊరోళ్ళందరికీ చెప్పేవోణ్ణి, నా ఇంట్లో మొక్క నా కండ్లకు కనబళ్ళేదు."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. అంతలోనే, "ఇంకోసారి ఈ తోపులో కనబడితే మీ నాయనకు కాదు, మీయమ్మకు చెప్తా" అన్నాడు. అమ్మంటే నాకు హడల్. అది చాలక చుట్టుపక్కల గీసేవాళ్ళందరికీ చెప్పిపెట్టాడు, ఒక్కడూ చుక్క పొయ్యలేదు. పదిరోజులు నిద్ర లేదు, చెమటలు, చిరాకు. మామను తిట్టని తిట్టు లేదు.

తర్వాత చిత్తూరులో పంతులు పనికి చదువుకోవడానికి పోయాను. సెలవులకు బంగారుపాళ్యంలో బస్సు దిగితే మామ అక్కడే ఉండేవాడు. కుశలమడగడు, "చెయ్యి చాపు" అనేవాడు. చూసి, "పో, మీయమ్మ ఎదురుసూస్తా ఉండాది" అని తన దారిన తాను పోయేవాడు.

గోవిందు ఇరవైఏడు నిండకుండానే కడుపుబ్బి పోయాడు. కబురందిన వెంటనే వచ్చాను. మామ గడప దగ్గర రాయిలా కూర్చున్నాడు. పక్కన కూర్చుని, ఆయన అడక్కుండానే చెయ్యి చాపాను. చూసి, రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

"నిలిచినాది రా," అన్నాడు. "ఒకటన్నా నిలిచినాది."

ఇప్పటికీ పొద్దున్నే కాఫీకి ముందు చెయ్యి చాపి చూసుకుంటాను. ఈ మధ్య వేళ్ళు కాస్త అదురుతున్నాయి. "ముసలితనం వణుకులే మామా, బెంగపడొద్దు" అని పైకే చెప్పేస్తాను.